ఊడుపుల్లో పోయిన లెక్కల క్లాసు

రిటైరైన మాస్టార్లు రాసుకునే జ్ఞాపకాలు నాకు పడవు. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. వాటిల్లో ప్రతి మాస్టారూ మహానుభావుడే, ప్రతి శిష్యుడూ ఏదో ఒకనాడు వచ్చి కాళ్ళకి దండం పెట్టేవాడే. నాకు దండం పెట్టనివాళ్ళే ఎక్కువ గుర్తున్నారు.

మా తమ్ముడి మనవరాలు ఈమధ్య బీఈడీ పూర్తి చేసి ఒక పల్లెటూరి హాస్టలు బళ్ళో చేరింది. చదువూ, పాటా, బొమ్మలూ, పొలం పనీ అన్నీ కలిపి నేర్పుతారట అక్కడ. "తాతా, నువ్వూ అలాంటి బళ్ళోనే చేశావంట కదా, ఎలా ఉండేదేటి?" అని ఫోన్లో అడిగింది. బాగుండేదమ్మా అని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక నామీద నాకే కోపం వచ్చింది. అన్నేళ్ళ సంగతి అడిగితే ఒక్క అబద్ధంతో తేల్చేశాను. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను, దానికీ, దానిలా కొత్తగా చేరేవాళ్ళకీ. ప్రమోషన్లూ ఇన్‌స్పెక్షన్లూ ఇందులో ఉండవు. ఒక పిల్లకి మేం చేసిన అన్యాయం ఉంటుంది.

'మేం' అన్నాను చూశారా, తప్పుని అలా నలుగురికీ పంచేయడం మా వృత్తిలో బాగా అలవాటు. అందులో పెద్ద వాటా నాదే.

పొలం తెలియని పొలం మాస్టారు

మా నాన్న శ్రీకాకుళం అవతల పల్లె వదిలి జంషెడ్‌పూర్ వచ్చి కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. బీఎస్సీ దాకా చదివాను గానీ వరినారుకీ గడ్డికీ తేడా అడిగితే తడుముకునేవాణ్ణి. డెబ్భైల చివర్లో ఆ బడికి సైన్సు మాస్టారు కావాలంటే వెళ్ళాను. ఊరి చివర మాంగో పేట దాటి బస్సు దిగాక దల్మా కొండ వైపు మట్టిరోడ్డున గంట నడక. పెంకుటిళ్ళలో క్లాసులు, ఒక పాటల పాక, బొమ్మలేసుకునే వరండా, చుట్టూ పొలం. పొద్దున చదువు, మధ్యాహ్నం పాటో బొమ్మో, ఎండ చల్లబడ్డాక రెండు గంటలు పొలం పని. ఊడుపులప్పుడూ కోతలప్పుడూ మాత్రం పొద్దుటి క్లాసులు కూడా పొలానికే పోయేవి. పిల్లలు వంతులవారీగా వెళ్ళాలి.

బడి పెద్దని అందరం బొడోదా అనేవాళ్ళం. బెంగాలీలో పెద్దన్నయ్య అని. ఆయన చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు. సన్నటి ఖద్దరు లాల్చీ, మంచి గొంతు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. చెయ్యీ బుర్రా వేరు వేరు కావని ఆయన మాట్లాడుతుంటే వినేవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. నాకూ చెమర్చేవి. అంత నమ్మాను ఆయన్ని.

చేరిన రెండు నెలలకే పొలం మాస్టారు మానేశాడు. "రావ్‌బాబూ, మీరు సైన్సు కదా, మొక్కలు మీవే" అని బొడోదా పొలం నా నెత్తిన పెట్టాడు. వద్దనే ధైర్యం లేక తీసుకున్నాను. ఆ ఏడు ఆకుమడి ఏపుగా పెరిగింది. సరిగ్గా నాటే వేళకి బొడోదా, పెద్దవాళ్ళు కొందరు బడి చూడ్డానికి వస్తున్నారు, వాళ్ళ ఎదుట పిల్లలు ఊడిస్తే బాగుంటుంది, అందాకా ఆపండి అన్నాడు. ఆపాను. వాళ్ళ రాక ఒకసారి వాయిదా పడింది, మళ్ళీ పడింది. మా పొలం దున్నే మంగళ్ రోజూ గట్టున నిలబడి "నారు ముదిరిపోతోంది బాబూ" అని మొత్తుకున్నాడు. నేను చెవిన వేసుకోలేదు. చివరికి వాళ్ళొచ్చారు, ముదురు నారే నాటాం, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. పంట మాత్రం తాలు. వరి నాటడానికి ముహూర్తం అతిథులు పెట్టే పొలం మాదొక్కటే అయ్యుంటుంది. మంగళ్ నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ ఆ ఏడంతా నా మొహం చూసినప్పుడల్లా నవ్వు ఆపుకునేవాడు.

ఆ నవ్వు నన్ను బాగా పొడిచింది. పొలం తెలిసిన చేతులు నా దగ్గర ఉండాలి అనుకున్నాను. పొలం నేను నేర్చుకోవాలి అని మాత్రం అనుకోలేదు.

ఉత్తరాల సంగతి

బళ్ళో సగం మంది టౌన్లో ఆఫీసర్ల పిల్లలు, ఫీజు కట్టేవాళ్ళు. సగం మంది బస్తీల నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ ఉచితంగా చేర్చుకున్నవాళ్ళు. అందరూ ఒకే పంక్తిలో తినేవాళ్ళు, ఒకే చాప మీద పడుకునేవాళ్ళు. ఆ మాట బొడోదా ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు, అది నిజమే. తేడా పొలం గట్టున మొదలయ్యేది.

పారలూ కొడవళ్ళూ పెట్టుకునే పాక గోడకి ఒక నల్లబల్ల ఉండేది. శనివారం సాయంత్రం దాని మీద వచ్చే వారం పొలానికి ఎవరెవరో నేను పేర్లు రాయాలి. వంతు ప్రకారం రాసేవాణ్ణి. సోమవారానికల్లా ఉత్తరాలొచ్చేవి. మా బాబుకి జలుబు చేసింది. మా అమ్మాయికి సితారు పరీక్ష ఉంది. మావాడికి ఎండ పడదు. తల్లిదండ్రులు ఉత్తరం రాస్తే ఆ పిల్లని పొలం నుంచి తప్పించాలని బళ్ళో రూలు. ఉత్తరం రాయగలిగే తల్లిదండ్రులు ఎవరికి ఉన్నారో ఆ రూలు పెట్టినవాళ్ళెవరికీ తట్టలేదు. తట్టలేదో, తట్టినా నోరు మూసుకున్నారో నాకిప్పటికీ తెలీదు. వేలిముద్ర వేసే అమ్మానాన్నలున్న పిల్లలకి జలుబే చేసేది కాదు మరి.

ఉత్తరాలతో బల్ల మీద ఖాళీలు పడేవి. ఊడుపు ఆగితే నాకు పరువు తక్కువ. అందుకని ఆ ఖాళీల్లో పని బాగా వచ్చినవాళ్ళ పేర్లు నింపేసేవాణ్ణి. బాగా చేసినవాళ్ళకి ఇంకా పని, ఇంకా బాగా చేస్తే ఇంకా పని. ఒక ఏడు మూడంటే మూడు రోజులు బురదలో దిగిన ఒక ఆఫీసరుగారబ్బాయి మట్టి వాసన మీద వ్యాసం రాసి ప్రార్థనలో చదివాడు. బొడోదా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మట్టిలో నెలంతా నడుం వంచినవాళ్ళు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

పైడితల్లి

పైడితల్లిని బళ్ళో చేర్చడానికి వాళ్ళమ్మ అప్పలనరసమ్మ టౌన్లో బిర్సానగర్ బస్తీ నుంచి తీసుకొచ్చింది. కాంట్రాక్టరు దగ్గర రేజా పని ఆవిడది, ఇటికలూ సిమెంటూ మోయడం. భర్త లేడు. నేను తెలుగువాణ్ణని తెలిసి ఆవిడ మొహం వికసించింది.

"బాబూ, మెట్రిక్ పాసయితే ఆస్పత్రిలో నర్సు పని నేర్పుతారంట. మా గుంట మెట్రిక్ అవుద్దా?" అంది.

"ఎందుకవదమ్మా, నాదీ పూచీ" అన్నాను. అడిగిందే తడవు పూచీ ఇచ్చేయడం మాస్టార్లకి ఖర్చు లేని పని.

పిల్ల నెమ్మదస్తురాలు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అమ్మమ్మ దగ్గర పాలకొండ వైపు ఊళ్ళో పెరిగింది, కాబట్టి పొలం పని దానికి వెన్నతో పెట్టిన విద్య. వరస తప్పకుండా, వేలి లోతు కూడా తేడా రాకుండా నాటేది. ఆకుమడి చూసి "మాస్టారు, ఎల్లుండికి తీసెయ్యాలండి" అనేది, ఎల్లుండికి తీసేసేవాళ్ళం. మంగళ్ నవ్వడం మానేశాడు. మా పంట చూసి పక్క ఊరివాళ్ళు వచ్చి విత్తనం అడిగారు. బొడోదా నా భుజం తట్టాడు. పొలం పరువు నాది, చెమట ఆ పిల్లది.

అది తొమ్మిదో క్లాసులోకి వచ్చేసరికి ఊడుపులకీ, కలుపుకీ, కోతలకీ బల్ల మీద మొదటి పేరు దానిదే రాసేవాణ్ణి, తక్కిన పేర్లు తరవాత ఆలోచించేవాణ్ణి. దాని రిపోర్టులో "పొలం పని అంటే ప్రాణం" అని నా చేత్తో రాశాను. నారుకట్ట పట్టుకుని వంగి ఉన్న దాని ఫొటో బొడోదా గదిలో గోడకెక్కింది.

లెక్కలు చెప్పే సుధా దీదీ ఒకరోజు రిజిస్టరు పట్టుకుని పాక దగ్గరికొచ్చింది. మా బళ్ళో నిజం మాట్లాడే మనిషి ఆవిడొక్కతే, అందుకే ఎవరికీ పడేది కాదు. "రావ్‌బాబూ, పొద్దుటి మొదటి క్లాసు లెక్కలు. ఈ వానాకాలంలో పైడితల్లి నా క్లాసులో కనిపించడమే లేదు. వచ్చే ఏడు మెట్రిక్. బీజగణితం మొదలే తెలీదు దానికి. పొలం వంతు ఎవరికైనా మార్చండి" అంది.

నేనేమన్నానో తెలుసా? "నాటిన వరసలు లెక్కపెడుతుంది కదండీ, లెక్కలు భూమి మీదే నేర్చుకుంటుంది" అన్నాను. బొడోదా మాటలు అంతలా వంటబట్టాయి నాకు. ఆవిడ రిజిస్టరు మూసుకుని వెళ్ళిపోయింది. అంత తెలివితక్కువ మాట నా జన్మలో ఇంకోటి అనలేదు.

టెస్టు

మరుసటి ఏడు కూడా అదే బల్ల, అవే ఉత్తరాలు, అదే పేరు. కోతలు అయ్యాక మెట్రిక్ పిల్లలకి బళ్ళోనే ఒక టెస్టు పెట్టేవాళ్ళు. అందులో పాసైనవాళ్ళనే బోర్డు పరీక్షకి పంపడం. పైడితల్లి అన్నిటిలోనూ గట్టెక్కింది, లెక్కల్లో తప్పింది. మామూలుగా తప్పడం కాదు, దాదాపు తెల్లకాగితం ఇచ్చింది.

అప్పుడు పరిగెత్తుకుంటూ బొడోదా దగ్గరికెళ్ళాను. "తప్పు నాదండీ. లెక్కల వేళకి పొలంలో పెట్టింది నేను. దాని పేరు పంపండి, ఈ రెండు నెలలూ నేనూ సుధా దీదీ కూర్చోబెట్టి చెబుతాం" అన్నాను.

ఆయన నవ్వాడు. "మన బడి నుంచి పంపినవాళ్ళెవరూ ఇంతవరకు తప్పలేదు రావ్‌బాబూ. ఆ పేరు ఎలా పోగొట్టుకుంటాం? అయినా పరీక్ష కాగితం కోసం ఎందుకింత బాధ? ఆ అమ్మాయి మన బడికే గర్వకారణం. ఇక్కడే పొలంలో ఉద్యోగం ఇద్దాం. మన విద్యకి అంతకంటే మంచి ఫలితం ఏముంటుంది?"

ఆయన మాట్లాడుతున్నప్పుడు వెనక గోడ మీద ఆ పిల్ల ఫొటో ఉంది. ఆయన కూతురు టౌన్లో ఇంగ్లీషు బళ్ళో చదువుతోంది, ఆ సంగతి బడంతటికీ తెలుసు. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఉద్యోగం పోతుందని భయం. రాజీనామా మొహాన కొట్టానని రాసుకుంటే ఇక్కడ బాగుండేది. కొట్టలేదు.

మూడోనాడు అప్పలనరసమ్మ వచ్చింది. పని మానుకుని వచ్చింది, చేతులకి ఇంకా సిమెంటు ఉంది. నన్ను పాక దగ్గర పట్టుకుంది.

"ఏటి బాబూ, మా గుంటని పరీచ్చకి పంపరంట?"

"లెక్కల్లో తప్పింది నరసమ్మా..."

"తప్పదా మరి? రోజూ మడిలోన దించితే లెక్కలు ఎలాగొత్తాయి? సెలవులకొచ్చినప్పుడు కాళ్ళు పాసిపోయి ఉంటే ఏటే అనడిగినాను. బళ్ళో తోట పనమ్మా అంది. తోటంటే మొక్కకి నీళ్ళు పోత్తారనుకున్నాను."

ఇంతలో బొడోదా అటే వచ్చాడు. ఆవిడకి కుర్చీ వేయించాడు. పొలంలో ఉద్యోగం, ఉండడానికి గది, అన్నీ హిందీలో తియ్యగా చెప్పాడు. ఆవిడ కూర్చోలేదు. ఆయన చెప్పిందంతా విని, నావైపు తిరిగి తెలుగులోనే అంది.

"నాను పదేళ్ళు ఊళ్ళో ఊడుపులూడ్చినాను బాబూ. నడుం పడిపోనాది. ఆ మడి ఒగ్గేసే ఈ ఊరొచ్చి ఇటికలు మోత్తన్నాను. నా కూతురికి మళ్ళీ ఆ మడే నేర్పడానికి మీకు బీయస్సీలు కావాలేటి? మా యమ్మ నేర్పేసింది కాదా, ఫీజు లేకండా."

ఏమంటోంది అని బొడోదా నన్నడిగాడు. మర్యాదగా మార్చి చెప్పొచ్చు. ఆ ఒక్కసారి మార్చలేదు, ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. ఇలాంటివాళ్ళకి శ్రమ విలువ తెలియదు అన్నాడు, ఇటికలు మోసి వచ్చిన మనిషిని ఎదురుగా పెట్టుకుని. అప్పలనరసమ్మ పెట్టె సర్దించి, పిల్లని తీసుకుని మట్టిరోడ్డున వెళ్ళిపోయింది.

బిర్సానగర్

పండగలయ్యాక సుధా దీదీ ప్రతి ఆదివారం బస్సులు మారి బిర్సానగర్ వెళ్ళి ఆ పిల్లకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. వచ్చే ఏడు ప్రైవేటుగా పరీక్షకి కట్టించాలని. ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఎలాగో తెలిసి ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. పైడితల్లి వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. వారంలో ఆరు రోజులు తల్లితో పాటు రేజా పనికి పోతోంది. తెలుగులో పలకరించాను. హిందీలో జవాబిచ్చింది, పొడిపొడిగా. నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు.

"సైన్సు నేను చెబుతానే. నీకు పొలమంటే అంత ఇష్టం కదా, దాంతోనే కలిపి..." అన్నాను. ఇంకా బుద్ధి రాలేదు చూడండి నాకు.

అప్పుడు తెలుగులో అంది. "నాకు పొలం ఇష్టం లేదు మాస్టారు. మీరు బాగా సేసినావు అనేవారు కదా, అది ఇష్టం. లెక్కల్లో నన్నెవరూ అలాగనలేదు. మరి క్లాసులో ఉంటే కదండీ అనడానికి."

సుధా దీదీ తల ఎత్తకుండా నోటుబుక్కులో ఏదో గీస్తోంది. నేను వచ్చేశాను. అన్నేళ్ళు రోజూ కళ్ళెదుట ఉన్న పిల్లని, నీకిది ఇష్టమేనా అని ఒక్కసారి అడగలేదు నేను. బాగా చేస్తోంది కాబట్టి ఇష్టమే అనుకున్నాను. నాకు లాభంగా ఉంది కాబట్టి అలా అనుకున్నాను.

ఖాళీ మళ్ళు

ఆ వానాకాలం నా ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని చెబుతాను. ఎప్పటిలా వంతులు రాశాను. ఎప్పటిలా ఉత్తరాలొచ్చాయి. ఖాళీల్లో ఎవరి పేర్లూ నింపలేదు. ఎవరి వంతు మడి వాళ్ళది, రానివాళ్ళ మడి నాటకుండా వదిలేశాను. వంతు అయిన పిల్లల్ని మర్నాడు క్లాసుకి తోలేశాను. బొడోదా పిలిచి అడిగితే రూలు ప్రకారమే చేస్తున్నానన్నాను. సగం పొలం పచ్చగా, సగం బురదనీళ్ళుగా ఉండగా ఆ ఏటి అతిథులు దిగారు. ఒకాయన గట్టున నిలబడి, అవెందుకు నాటలేదని అడిగాడు.

"అవి జలుబు చేసినవాళ్ళ మళ్ళండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. బొడోదాకి అయింది. వారం తిరక్కుండా పొలం నా చేతుల్లోంచి తీసేసి మళ్ళీ సైన్సు క్లాసుకి పంపేశాడు. నా తరవాత వచ్చినవాడు ఖాళీల్లో పేర్లు నింపేశాడు. నేను సంస్కర్తని కాను, అక్కడ ఏదీ మారలేదు. అయినా ఆ ఒక్క వానాకాలం కొందరు పిల్లలు లెక్కల క్లాసులో కూర్చున్నారు.

అమ్మా, నువ్వు చేరిన బళ్ళోనూ ఇలాంటి బల్ల ఒకటి ఉంటుంది. మట్టి పని గొప్పది అని నీకు రోజూ చెబుతారు. గొప్పదే, నేను కాదనను. అంత గొప్పదైతే దాన్ని తప్పించుకునే దారి ఎవరికుందో చూడు. ఎవరు తప్పించుకుంటున్నారు, వాళ్ళ పని ఎవరి మీద పడుతోంది, అది చూడకుండా పాటలు పాడకు. ముందు నీ చేతిలో ఉన్న సుద్దముక్కని అనుమానించు. నేను పిల్లల్ని కొట్టలేదు, తిట్టలేదు. మెచ్చుకుంటూనే ఒక పిల్ల చదువు తీసేశాను.

సాక్చిలో పరీక్ష

ఆ పై ఏడు మెట్రిక్ పరీక్షకి పైడితల్లి సెంటరు టౌన్లో, సాక్చి పేటలో ఒక స్కూల్లో పడింది. లెక్కల రోజున సెలవు పెట్టి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగా తెలీదు. గేటు దగ్గర జనం. సుధా దీదీ పిల్ల చేత ఏవో సూత్రాలు చెప్పిస్తోంది. అప్పలనరసమ్మ కొత్త చీర కట్టుకుని పక్కన నిలబడి ఉంది. పైడితల్లి నన్ను చూసింది. దాని మొహంలో రంగు మారింది, చెబుతున్న సూత్రం మధ్యలో తప్పింది. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ తప్పింది.

అప్పలనరసమ్మ నా దగ్గరికొచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"మంచికే వచ్చినారు బాబూ, తెలుసు. మీరిక్కడుంటే దానికి సెయ్యి వణుకుతాది. ఎల్లిపోండి" అంది.

సరేనమ్మా అన్నాను. వెనక్కి తిరక్కుండా సాక్చి బజారు దాకా నడిచి, మాంగో బస్సు ఎక్కాను. ఆ పిల్ల పాసైందని తరవాత సుధా దీదీ చెప్పింది. లెక్కల్లో ఎన్ని వచ్చాయని నేనడగలేదు.